బరువు మీదే బిగించాలి

మధ్యాహ్నం రెండున్నరకే షెడ్డులో చీకటి పడింది. మబ్బు కమ్మేసి రేకుల మీద వాన దంచుతోంది. కరెంటు ఎప్పుడో పోయింది. పెద్దమేస్త్రీ టార్చి నోట కరుచుకుని, చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని, పాత పికప్ ట్రక్కు కిందికి జారాడు. తడిసిన తుప్పు వాసన, పాత గ్రీజు వాసన. ఈ బండి కిందికి దూరడం అతనికి ఏమాత్రం ఇష్టం లేదు.

ఎందుకుంటుంది? ఏడాది కిందట అతని తమ్ముడు, అందరూ చిన్నమేస్త్రీ అనేవారు, ఈ ట్రక్కు కిందే నలిగి చచ్చిపోయాడు. జాకీ జారిందని లోకమంతా నమ్మింది. జాకీ జారలేదు. వేరే షెడ్డు పెట్టుకుంటానన్నాడు తమ్ముడు. బళ్ళన్నీ ఆ పనిమంతుడి వెంటే పోతాయని అన్నకి తెలుసు. ఆ రోజు ట్రక్కు బరువు మోస్తున్న ఇనప స్టాండుని కాలితో ఒక్క తన్ను తన్నాడు. అంతే.

ఈ పొద్దున మరదలు, అదే ఆ తమ్ముడి భార్య, వచ్చి, వంపు తిరిగిన ఇనప కడ్డీలు రెండు షెడ్డులో దించింది.

"స్వే బార్లు బావగారూ. మలుపుల్లో బండి ఒరక్కుండా ఉంటుందని ఆయన తెచ్చిపెట్టుకున్నారు. మీ చేత్తోనే బిగించండి."

కాదంటే అనుమానం. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని పని మొదలెట్టాడు.

ముందొకటి, వెనకొకటి అమర్చేశాడు. మిగిలింది చివరి బిగింపు. అది చక్రాల మీద బండి బరువు పడ్డాకే చెయ్యాలి, లేకపోతే రబ్బర్లు మెలిపడి చిరిగిపోతాయి. ఇదివరకైతే ఇంకాస్త బరువుకని తమ్ముడు పైన సీట్లో కూర్చునేవాడు, అన్న కింద బిగించేవాడు. ఇప్పుడు కూర్చోడానికెవరున్నారు? బండి బరువే చాల్లే అనుకుని జాకీ దించేశాడు.

మళ్ళీ కిందికి జారి, టార్చి పక్కన నేల మీద పెట్టుకుని, ముందు బార్ నట్టుకి పానా పెట్టాడు. టిక్... టిక్...

డ్రైవరు వైపు తలుపు కిర్రుమంది. ధడాలున మూసుకుంది. ట్రక్కు కాస్త అణిగింది. సరిగ్గా ఒక మనిషి ఎక్కి కూర్చుంటే అణిగినంత.

"ఎవరది?... అమ్మా, నువ్వేనా?"

మరదలే ఎక్కిందనుకున్నాడు. వాన చప్పుడు.

"దిగమ్మా. అవసరం లేదు."

నెత్తి మీది క్యాబిన్ రేకు అవతలనుంచి, సన్నగా... "బిగించన్నా."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కకి జరగబోయాడు. ట్రక్కు ఇంకా అణిగింది. స్ప్రింగు పట్టీలు మూలిగాయి. చల్లటి ఇనుము ఛాతీకి తగిలింది. ఊపిరి... సగమే ఆడుతోంది...

"బిగించన్నా. పైన నేనున్నాగా."

"నేనేరా!" అరిచాడు. "స్టాండు తన్నింది నేనే! వదిలెయ్‌రా తమ్ముడూ..."

బరువు లేచిపోయింది. పలక అక్కడే వదిలేసి, టార్చి పట్టుకుని దేక్కుంటూ బయటపడ్డాడు.

షట్టరు దగ్గర స్టూలు మీద మరదలు కూర్చుని ఉంది. గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎ... ఎప్పుడొచ్చావమ్మా?"

"మీరు ఆ మాట చెప్పకముందే. ఏడాదిగా దానికోసమే కాచుకుని ఉన్నాం."

ఆమె కళ్ళల్లో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి మిగిలిన కసి ఉంది. పెద్దమేస్త్రీ వెనక్కి జరిగాడు.

"పోలీసులకి చెబుతావా?"

"వాళ్ళెందుకు బావగారూ? వెనక బార్ మిగిలిపోయిందిగా. అదీ బిగించెయ్యండి."

"చచ్చినా కిందికి వెళ్ళను!"

ఆమె లేచి షట్టరు పూర్తిగా కిందికి లాగింది. చీకట్లో ఆమె గొంతు మెత్తగా వినిపించింది.

"మీరు లోపలికి వెళ్ళకపోతే, ఆయన బయటికొస్తారు."

టార్చి వెలుగు నేల మీద పాకింది. ట్రక్కు కిందనుంచి చక్రాల చప్పుడు. కిర్... కిర్... పలక దానంతటదే దొర్లుకుంటూ వచ్చి, అతని కాలికి తగిలి ఆగింది.

ఖాళీ పలకే. కానీ దాని మీది దూది మెత్త ఒక పక్కనే అణిగి ఉంది. ఎవరో కాస్త జరిగి పడుకుని, చోటిచ్చినట్టు...