దొరగారి మొహమాటం

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే మా అమ్మ "ట్రైనింగ్ స్కూల్లో" అని చెప్పి అక్కడితో ఆపేస్తుంది. అది నిజమే. కాకపోతే ఆ స్కూల్లో చదువుకునేవి కుక్కలు. దొంగని పట్టుకోవడం నేర్పాలంటే ఓ దొంగ కావాలి కదా, ఆ దొంగని నేను. మందపాటి మెత్తల సూటు తొడుక్కుని, కర్ర ఊపుకుంటూ పరిగెత్తాలి. కుక్క వచ్చి చేతికి వేలాడితే కెవ్వుమనాలి. జీతం మాత్రం వేళకే ఇస్తారు.

మొదటిరోజే స్కూలు యజమాని కూతురు నా మీద విరుచుకుపడింది.

"అదేం అరుపండీ? కుక్క కరిచినట్టు లేదు, వేడి గిన్నె ముట్టుకున్నట్టుంది."

"నాకు దొంగతనంలో అనుభవం లేదు మేడమ్."

"కుక్కకి అనుమానం వస్తుంది. సరిగ్గా భయపడండి."

"మిమ్మల్ని చూస్తూ అరవనా? సహజంగా వస్తుంది."

ఆమె నవ్వలేదు. నవ్వాపుకోవడానికి కుక్క మెడపట్టీ సవరించింది. అది చూశాక ఇక నా పని అయిపోయింది.

ఆ కుక్క ఓ రాట్‌వైలర్. పేరు దొరగారు. కూనగా ఉన్నప్పటి నుంచి ఆమె ఒంటిచేత్తో పెంచి, నేర్పించుకున్న మొదటి కుక్క. నెల తిరక్కుండా నేను 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగిపోయాను. కుక్క మాత్రం దొరగారుగానే ఉండిపోయింది. "దొరగారూ, నీళ్ళు తాగారా?" అని ఆమె దాన్ని అడిగేది. "చెయ్యి పైకెత్తవోయ్" అని నన్ను కసిరేది.

వాళ్ళ నాన్నని మేమంతా సార్ అంటాం. వచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఆయన అప్పజెప్పే పాఠం ఒకటే.

"రాట్‌వైలర్ అంటే ఏమనుకున్నారు? రోమన్ సైన్యం వెంట పశువుల్ని తోలుకుంటూ కొండలు దాటిన కుక్కల వంశం అంటారు. అందుకే దానికి తన మంద అంటే ప్రాణం. మందలో ఎవరున్నారో, ఎవరు లేరో అదే తేల్చుకుంటుంది. అదిగో, ఆ రిడ్జ్‌బ్యాక్ ఆఫ్రికాది. వేటలో తొందరపడి సింహం మీదకి దూకదు. చుట్టూ తిరిగి, మొరిగి, వేటగాడు వచ్చేదాకా కదలనివ్వకుండా నిలబెడుతుంది."

"మా పెద్దత్త కూడా అంతే," అని గొణిగాను.

పక్కనున్న ఆమెకి వినిపించింది. "నిలబెట్టి ఎవరికి అప్పజెప్తుంది?"

"నాకు సంబంధాలు తెచ్చేవాళ్ళకి."

ఆ రోజు దొరగార్ని నా మీదకి మామూలుకంటే ఎక్కువసార్లే వదిలింది.

సార్‌కి ఒక రూలుంది. దొంగ రావాలి, కరిపించుకోవాలి, వెళ్ళిపోవాలి. కుక్క చూస్తుండగా ట్రైనర్‌తో కబుర్లు పనికిరావు. "కాపలా కుక్క వచ్చినవాణ్ణి కాదు చూసేది. వాణ్ణి చూసి యజమాని మొహం ఎలా మారిందో చూస్తుంది. ఆ మొహం విచ్చుకుందా, వాడు ఇంటిమనిషి కిందే లెక్క," అనేవారు.

ఆ రూలు ఒక వానలో కొట్టుకుపోయింది. ట్రైనింగ్ మధ్యలో వాన దంచేస్తే ముగ్గురం బస్తాలు దాచే రేకుల షెడ్డులోకి పరిగెత్తాం. నీళ్ళు పీల్చిన సూటులో నేను ఊపిరాడక నిలబడితే, ఆమె టవల్ తీసి నా మొహం తుడిచింది.

"ఇది దొరగారిది కదా?"

"ఆయన ఏమీ అనుకోర్లే."

దొరగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత వచ్చి తన బరువంతా నా కాలి మీద వేసి ఒరిగారు.

"ఇలా ఒరిగితే ఏమిటి అర్థం?" అన్నాను.

"చలేస్తోందేమో," అంది, వాన వైపు తిరిగి.

ఆ తర్వాత నుంచి దొరగారు మొహమాటంగా కరవడం మొదలుపెట్టారు. ఉరికి వచ్చేవారు, చెయ్యి పట్టుకునేవారు, నొప్పి పుట్టిందా అన్నట్టు మొహంలోకి చూసేవారు.

"నీ నటన పడిపోయింది," అంది ఆమె.

"నా నటనకేం? ఆయనే మెతకబడ్డారు."

తప్పు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. పైకి అంటే సార్ నన్ను పంపించేస్తారు. అందుకే నోళ్ళు కుట్టేసుకున్నాం. దొరగారి కాపలా పరీక్ష చూస్తే ముంచుకొస్తోంది. సార్ పద్ధతి గద్దింపు, ఆమెది బుజ్జగింపు. "నీ పద్ధతిలో పెరిగిన కుక్క పరీక్ష పాసైతే స్కూలు నీ చేతిలో పెడతా. లేదంటే నా వెనకే నిలబడి నేర్చుకో," అన్నారాయన. చిన్నప్పటి నుంచీ ఆమె నిలబడింది ఆయన వెనకే.

పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్ కళ్ళజోడు మీదుగా చూసే మనిషి. వెంట ఓ అసిస్టెంట్. నేను కర్ర ఊపుతూ పరిగెత్తాను.

"పట్టు!" అంది ఆమె.

దొరగారు దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చి, నా ముందు ఆగారు. నా చెయ్యి చూశారు. నన్ను చూశారు. వెనక్కి తిరిగి ఆమెను చూశారు. ఆ తర్వాత హాయిగా నా కాలికి ఒరిగిపోయారు.

"దొరగారూ, కరవండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటా," అని గుసగుసగా బతిమాలాను. ఆవలించారు.

"పిరికి కుక్క," అన్నారు మేడమ్. ఏదో తోచినట్టు ఆగారు. "ఇంటివాళ్ళని కరవకపోతే మాత్రం అది తప్పు కాదు. అలాగైతే దొంగని మార్చి మళ్ళీ పెడతాం. ఏమ్మా, ఇతను మీకేమవుతాడు?"

"ఏమవుతాడండీ, పనివాడు," అని సార్ నవ్వేశారు.

మేడమ్ నవ్వలేదు. "మీ అమ్మాయిని అడుగుతున్నా."

ఆమె మొహం పాలిపోయింది. ఏమీ కాడంటే దొరగారు పిరికివాడవుతారు, స్కూలు చెయ్యి జారుతుంది. అవుతాడంటే ఎదురుగా నాన్న. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"తప్పు నాదేనండీ, నేను సరిగ్గా పరిగెత్త..."

"నువ్వాగు," అంది. మేడమ్ వైపు తిరిగింది. "నేను పెళ్ళి చేసుకోబోయే మనిషండీ."

ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

"నన్ను అడగలేదే?"

"తర్వాత అడుగుతా. ముందా సూటు విప్పి ఇవ్వు."

అసిస్టెంట్ నా సూటు తొడుక్కుని ఆమె మీదకి కర్ర ఎత్తాడు. పిలుపు పూర్తికాకముందే దొరగారు అతన్ని నేల మీద పడేశారు. "వదులు" అనగానే వదిలి, పక్కకొచ్చి కూర్చున్నారు. అసలైన అరుపంటే ఏమిటో ఆ అసిస్టెంట్ దగ్గర విన్నాను.

"పాస్," అన్నారు మేడమ్.

సార్ తిన్నగా నా దగ్గరికొచ్చారు. చెమటకి ఒంటికి అతుక్కున్న బనీనుతో, ఏ సూటూ లేకుండా నిలబడ్డాను.

"కుక్క కరవని దొంగ నాకెందుకయ్యా? రేపటి నుంచి పనిలోకి రాకు."

"నాన్నా!"

"స్కూలు నీదేనమ్మా, కాదనలేదు. ఇది నా ఆఖరి ఆర్డరు." రెండడుగులు వేసి ఆగారు. "ఆదివారం భోజనానికి రా. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా."

ఆయన వెళ్ళేదాకా చూసి, ఆమె నా ముందుకొచ్చి నిలబడింది.

"ఇప్పుడు అడుగుతున్నా. చేసుకుంటావా?"

"ఉద్యోగం లేనివాణ్ణి."

"ఇంకేం పని వచ్చు?"

"కరిపించుకోవడం తప్ప ఏమీ రాదు."

"సరిపోతుంది."

ఏదో ఒక జోకు వెయ్యకుండా ఉండలేని నాకు, ఆ పూట వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు. "వచ్చిన రోజు నుంచీ నువ్వంటే ఇష్టం. చెప్తే ఉద్యోగం పోయి, మళ్ళీ నిన్ను చూడనేమోనని భయపడ్డా," అన్నాను.

"చెప్పకుండానే పోయిందిగా," అని నా చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.