బొట్టు పెట్టి చెప్పిన మాట

వాకిట్లో ప్రచార రథం మీద పాట హోరెత్తిపోతోంది. వీధి పొడుగునా కార్లు బారులు తీరాయి. వెండి పళ్ళెంలో కుంకుమ భరిణె, పసుపు, అక్షింతలు... అన్నీ సిద్ధం! సూర్యకళ ఒక్కతే వరండాలో కుర్చీ లోంచి లేవలేదు.

"ఇవాళ నేను రానండీ!" అంది భర్తతో.

కండువా సర్దుకుంటున్న జగన్నాథరావు చేతులు ఆగిపోయాయి. "రావా? ఇవాళ పల్లేరులంక! నీ పుట్టిల్లు! పంతొమ్మిది వందల ఓట్లు! నువ్వు లేకుండా ఆ ఊళ్ళో నేనెవర్ని?"

"అల్లుడు గారండీ. ఆ ఊరికి మీరెప్పుడూ అల్లుడు గారే! ఎమ్మెల్యే కాదు, మంత్రీ కాదు..." ఆమె తల దించలేదు. "ఆడపడుచు మొహం చూసి ఓటేశారు. ఆ మొహం పెట్టుకుని ఇంక నేను వాళ్ళను ఓటడగలేను!"

గోదావరి పాయకు అవతల ఉన్న చిన్న లంక అది. మనుషులైనా, కొబ్బరికాయలైనా, పెళ్ళివారైనా, రెండు పడవలు కలిపి బల్లలు పరిచిన పంటు మీదే రేవు దాటాలి. ఇరవై ఏళ్ళ కిందట జగన్నాథరావు మొదటిసారి అసెంబ్లీకి నిలబడినప్పుడు, సూర్యకళ ఆ ఊళ్ళో గడపగడపకూ వెళ్ళి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి ఓటడిగింది. బొట్టు పెట్టి పిలిస్తే పెళ్ళికి వెళ్ళకుండా ఉండలేరు. బొట్టు పెట్టి అడిగితే ఓటు వెయ్యకుండానూ ఉండలేరు! ఆ రోజు మేనత్త పెద్దింట్లమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "మీ ఆయన నెగ్గితే మాకేంటే, అమ్మాయ్?" అంది నవ్వుతూ. ఆ సంబరంలో, ఎవరూ చెప్పమనకుండానే, సూర్యకళ నోటి వెంట వచ్చేసింది... "వంతెన కట్టిస్తారత్తా! నా పుట్టింటి మీద ఒట్టు!"

ఆ సంగతి విని జగన్నాథరావు పకపకా నవ్వి, "నా మేనిఫెస్టో నువ్వేనోయ్!" అన్నాడు. గెలిచాడు. రెండోసారీ గెలిచి రాష్ట్రంలో మంత్రి అయ్యాడు. ఆపైన రెండుసార్లు ఎంపీ, చివరి మూడేళ్ళూ కేంద్రంలో సహాయ మంత్రి. ఇప్పుడు పార్టీ మళ్ళీ అసెంబ్లీకి నిలబెట్టింది. ప్రతి ఎన్నికకూ సూర్యకళ "ఈసారి వచ్చేస్తుందత్తా!" అంటూ బొట్టు పెట్టింది. తనూ నమ్మింది! ఆయన చూసుకుంటున్నారులే అనుకుంది. ఏనాడూ అడగలేదు... అదే ఆమె చేసిన తప్పు.

పోయిన శ్రావణంలో వరద. పెద్దింట్లమ్మ మనవరాలు దుర్గాసాయి పురిటికి లంకకు వచ్చి ఉంది. నొప్పులు మొదలయ్యే సరికి ఎర్రనీటి ఉరవడికి పంటు ఆపేశారు. రేవులో మూడు గంటలు! చివరికి పంటు నడిపే ముసలయ్య ప్రాణాలకు తెగించి నాటుపడవ మీద దాటించాడు. నది మధ్యలో బిడ్డ పుట్టింది. ఏడవలేదు... మర్నాడు ఢిల్లీకి పెద్దింట్లమ్మ ఫోను. ఒక్క నిష్ఠూరం లేదు. జరిగిందంతా చెప్పి, "వంతెన ఎందాకా వచ్చిందే, అమ్మాయ్?" అంది. అంతే!

"నేనెప్పుడన్నా మైకులో వంతెన అన్నానా?" జగన్నాథరావు గొంతు హెచ్చింది. "ఒక్క పేపరు ముక్క చూపించు!"

"మీరు అనలేదండీ. నేనన్నాను. మీరు వద్దనలేదు."

"బొట్టు పెట్టేటప్పుడు ఆడవాళ్ళు లక్ష అంటారు!"

"ఆ లక్షలోంచే కదండీ మీ ఓట్లు ఏరుకున్నారు!"

ప్రచారం పనులన్నీ చూసే జగన్నాథరావు అన్న కొడుకు బుజ్జిబాబు కంగారుగా మెట్లెక్కాడు. "పిన్నీ, బయట జనం వింటున్నారు. ఈ ఒక్కసారికీ బొట్టు పెట్టెయ్యండి. నెగ్గాక చూసుకుందాం."

"ఇదిగో భరిణె. నువ్వే పెట్టరా! నీ మొహం చూసి ఎన్ని ఓట్లు రాలతాయో నేనూ చూస్తాను!"

గేటు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గు నటించారు. సూర్యకళ లేచి చెప్పులు వేసుకుంది. "లంకకు నేనిప్పుడే వెళ్తున్నాను. ఓటడగడానికి మాత్రం కాదు!"

"వెళ్ళి నిజం చెప్పావంటే... ఇరవై ఏళ్ళ నా కష్టం గోదాట్లో కలిసినట్టే, సూర్యా!"

ఆమె ఆగి వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "ఒక బిడ్డే కలిసిపోయిందండీ!"

ఆటోలో రేవుకు వెళ్ళింది. మంత్రిగారి భార్య ఒంటరిగా రావడం చూసి ముసలయ్య పంటును గట్టుకు లాగాడు. "బల్ల తడిగా ఉందమ్మా, జాగర్త," అని చెయ్యి అందించాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు ఏడుపు ఆగలేదు.

మేనత్త ఇంటి ముందు ఆడవాళ్ళంతా చేరారు. ఖాళీ చేతులతో వచ్చిన ఆడపడుచును వింతగా చూశారు. సూర్యకళ కూర్చోకుండానే చెప్పేసింది. "అత్తా, వంతెన రావట్లేదు. ఏ ఆఫీసులోనూ దాని కాగితమే లేదు. ఆ రోజు నువ్వు ఫోను పెట్టేశాక వాకబు చేస్తే తెలిసింది... ఇన్నాళ్ళూ చెప్పే ధైర్యం చాల్లేదు!"

"పోయినసారి కొలతలకి మనుషులొచ్చారన్నావు కదే?"

"బుజ్జిబాబు చెప్పాడు, నేను మీకు చెప్పాను. ఎవరొచ్చారు, ఎక్కడ కొలిచారు అని అడగనైనా లేదు! ఈసారి నన్ను చూసి ఓటెయ్యకండి. ఆయన్నే నిలదీయండి!"

పెద్దింట్లమ్మ దగ్గరకొచ్చింది. "నా చేత్తో అన్నం తిన్న దానివి... నాకే అబద్ధం పెట్టావటే! పంటు ఆగిపోయినప్పుడు కూడా, మా అమ్మాయి మాటిచ్చింది, వచ్చే వరదకి ఈ బాధుండదని దుర్గాసాయికి ధైర్యం చెప్పానే!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూర్యకళ ఎండలో అలాగే నిలబడింది. శిక్ష పడితే బాగుండుననిపించింది! అప్పుడు లోపలి నుంచి దుర్గాసాయి వచ్చింది. చిక్కిపోయిన మొహం. క్షమించానని అనలేదు. ఒక స్టూలు తెచ్చి, నీడలోకి జరిపి వేసింది.

మధ్యాహ్నం జెండాలతో, డప్పులతో జగన్నాథరావు పంటు దిగాడు. ఎప్పుడూ రేవులోనే ఎదురొచ్చే హారతి పళ్ళాలు ఒక్కటీ లేవు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడ్డారు. అందరికంటే ముందు దుర్గాసాయి!

"మావయ్యగారండీ, ఒక్కటే అడుగుతాను. మా వంతెన కోసం మీరెన్నిసార్లు అడిగారండీ? అసెంబ్లీలో గాని, ఢిల్లీలో గాని?"

"ఫైలు కదులుతోందని చెప్పెయ్యండి బాబాయ్!" బుజ్జిబాబు చెవిలో గొణిగాడు.

ఆ మాట చెప్పడం జగన్నాథరావుకు ఎంతసేపు! ఇరవై ఏళ్ళుగా ఎన్ని ఊళ్ళలో చెప్పలేదు! నోరు తెరిచాడు కూడా. ఎదురుగా ఆ పిల్ల... రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పక్కన భార్య. ఆయన మెడలోని కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒక్కసారీ అడగలేదమ్మా. టికెట్టు కోసం అడిగాను. పదవి కోసం కాళ్ళావేళ్ళా పడ్డాను. దీనికోసం... ఒక్కసారి కూడా నోరు విప్పలేదు."

డప్పులు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. దారి వదిలారు. ఆయనే వెనక్కి తిరిగాడు.

ఎనిమిది వందల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. "సొంత పెళ్ళామే ముంచేసింది!" అని పార్టీవాళ్ళు వాకిట్లోనే గట్టిగా అన్నారు. సూర్యకళ గుమ్మంలోకి వచ్చి, "అవునండీ, నేనే ముంచాను. కాఫీ తాగి వెళ్ళండి!" అంది. తాగకుండానే వెళ్ళిపోయారు. తరవాత కార్లు రావడం మానేశాయి. ఫోన్లు మూగబోయాయి. పది రోజులు భర్త ఆమెతో మాట్లాడలేదు. ఆ పది రోజులూ ఆమె వేళకు అన్నం వడ్డించింది, కానీ తప్పయిందని మాత్రం అనలేదు!

పదకొండో రోజు, ఆదివారం, జగన్నాథరావు తెల్లకాగితం పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు. "అర్జీ రాశాను... పల్లేరులంక వంతెన గురించి. ఎవరి పేరు మీద పెడదాం?"

సూర్యకళ గరిటె పక్కన పెట్టింది. కన్నీళ్ళతో నవ్వొచ్చేసింది. "మాట ఎవరిచ్చారో వాళ్ళ పేరు మీదేనండీ!"

సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీల రోజు. చెమటలు, ఏడ్చే పిల్లలు, పొడుగాటి వరస. పేర్లు రాసుకునే కుర్రగుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "అర్జీదారు పేరు?"

"సూర్యకళ."

"భర్త?"

"జగన్నాథరావు."

"ఆయనేం చేస్తుంటారండి?"

"నాతో వచ్చారు బాబూ."

టోకెను నలభై మూడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి అటుగా వెళ్తున్న ఒక అధికారి గుర్తుపట్టి పరుగున వచ్చాడు. "అయ్యో, సార్! మీరిక్కడ కూర్చోవడమేంటండీ! లోపలికి రండి, కలెక్టరు గారు..."

అలవాటు ప్రకారం జగన్నాథరావు సగం లేచాడు.

"మాకంటే ముందు ఇంకా నలభై ఇద్దరున్నారండీ," అంది సూర్యకళ మర్యాదగానే.

ఆయన ఆ నలభై ఇద్దర్నీ చూశాడు... మెల్లిగా కూర్చున్నాడు. కర్ర పట్టుకుని నిలబడ్డ ఒక ముసలావిడకు పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఇవాళ మన వంతు రాకపోతే?" అన్నాడు భార్యతో నెమ్మదిగా.

"వచ్చే సోమవారం వద్దాం. కట్టేదాకా ప్రతి సోమవారం వద్దామండీ!"