మూడక్షరాలు, మూడు గంటలు

శనివారం మధ్యాహ్నం రెండు దాటింది. ప్రవాస భారతీయులుండే ఐసెలిన్‌లో నగల షాపు వెనక పార్కింగ్ లాట్‌లో, కారు స్టీరింగ్ మీద తల వాల్చి ఈషాన్ చనిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. గూఢచారి ఏజెన్సీలో ఆరేళ్లు రూతు పక్క డెస్క్‌లో కూర్చున్న మనిషి. తల ఎత్తి సరిగ్గా కూర్చోబెడదామనిపించింది రూతుకి. సాక్ష్యం చెరిగిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

చివరి క్షణంలో అతను ఆఫీస్‌కి పంపిన మెసేజ్ ఒకటే. ఎమ్, ఓ, ఎన్ అని మూడు అక్షరాలు, పక్కన మూడు గంటలు.

"సోమవారం మూడింటికి దాడి," అన్నాడు ఇయర్‌పీస్‌లో చీఫ్ దామోదర్. "టైముంది. దైవాశీర్వాదం గారిని రేపు సాయంత్రం సేఫ్ హౌస్‌కి మారుస్తాం. నువ్వెళ్లి గీతాంజలిని కదిపి చూడు."

దైవాశీర్వాదం రిటైరైన ఇంజనీరు. విదేశీ ముఠా ఒకటి పదకొండు పవర్ స్టేషన్లలో దొంగ చిప్‌లు పెట్టించింది. వాటి నంబర్ల జాబితాని ఆయన ఒక్కసారి చూశాడు, మొత్తం గుర్తుంది. ఏజెన్సీలోనే లీక్ ఉందని అనుమానం, అందుకే కాగితం మీద పెట్టనన్నాడు. మంగళవారం విచారణ కమిటీ ముందు నోటితోనే చెబుతానన్నాడు.

రూతు పట్టుచీర కట్టుకుని, పెళ్లికూతురి అక్కలా గీతాంజలి బొటీక్‌లోకి వెళ్లింది. గీతాంజలి అస్సాం మనిషి. నలభై దాటినా ఆమె నడిచొస్తే షాపులో తలలన్నీ తిరుగుతాయి. ముఠాకీ పనిచేస్తుంది, ఏజెన్సీకీ పనిచేస్తుంది. ఎవరికి ఎంత నిజం చెబుతుందో ఎవరికీ తెలియదు.

"ఎరుపు వద్దండీ, గంధం రంగు చూపించండి," అంది రూతు ఇంగ్లీషులోనే. అది కోడ్.

ట్రయల్ రూమ్‌లో తలుపు వేశాక రూతు ఫోన్ చూపించింది. "ఈషాన్ పోయాడు. ఇది పంపి పోయాడు."

గీతాంజలి మెసేజ్ చదివింది.

"ఇది సోమవారం కాదు," అంది చాలా మెల్లగా. "మొన్. మా అస్సామీలో, బెంగాలీలో మనసు. మీ ముసలాయనకి ముఠాలో కోడ్‌నేమ్ అది. అన్నీ మనసులోనే దాచుకుంటాడని నేనే పెట్టాను."

"అయితే మూడు గంటలంటే..."

"రోజు రాయలేదంటే ఇవాళే. పోయిన నెల ఆయనకి కొత్త హియరింగ్ ఎయిడ్ కొన్నానని చెప్పి ఇచ్చాను. అది ముఠావాళ్లిచ్చిందే. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ నంబర్లు గొణుక్కుంటాడు, రికార్డ్ అవుతాయన్నారు." ఫోన్ తిరిగిచ్చేసింది. "ఈషాన్ నిన్న వాళ్ల వర్క్‌షాప్‌లోకి దూరాడు. ఆ ఎయిడ్ లోపల ఇంకేముందో చూసే ఉంటాడు. రికార్డ్ చేయడానికి టైము ఎందుకు పెడతారు, రూతూ?"

రెండూ ముప్పై మూడు.

"ఎక్కడున్నాడాయన?"

"చర్చిలో. క్వయర్ పాటల ప్రాక్టీస్."

కారు నడుపుతూనే రూతు దామోదర్‌కి చెప్పింది. బాంబ్ స్క్వాడ్ రావడానికి అరగంట. ఫోన్ చేద్దామంటే అది హియరింగ్ ఎయిడ్‌కే కనెక్ట్ అయి ఉంటుంది, రింగ్ అయితే ఏమవుతుందో తెలియదు. పోలీసు యూనిఫాం కనబడితే, కాపు కాసేవాళ్లు టైము కోసం ఆగరు. పట్టుచీరలో ఉన్న ఆడమనిషిని మాత్రం తెలుగు చర్చి ముందు ఎవరూ అనుమానించరు.

రెండూ యాభై ఏడుకి చర్చి లోపల అడుగుపెట్టింది. బయట గోడవార నీలం వ్యాన్‌లో ఇద్దరు ఉన్నారని దామోదర్‌కి అప్పటికే చెప్పేసింది. వేదిక మీద ఇరవై మంది పాడుతున్నారు. చివరి వరసలో బక్కపల్చటి దైవాశీర్వాదం కళ్లు మూసుకుని పాడుతున్నాడు. చిన్నప్పుడు ఆమెకి సండే స్కూల్లో వాక్యాలు నేర్పించిందీ ఆయనే.

పరిగెత్తితే జనం చెదురుతారు, కంగారులో ఆయన ఎటు పోతాడో తెలియదు. మెట్లెక్కి, నవ్వుతూ, చెంప నిమరబోతున్నట్టు చెయ్యి చాచింది.

"అంకుల్, ఒక్క నిమిషం కదలకండి."

ఆయన కళ్లు తెరిచేలోగా చెవిలోది వేళ్లతో లాగేసింది. వేడిగా ఉంది. వేదిక వెనక బాప్తిస్మం ఇచ్చే నీళ్ల తొట్టి నిండుగా ఉంది. అందులోకి విసిరి, ఆయన్ని గుండెలకి హత్తుకుని కిందపడింది.

నీళ్లు సీలింగ్‌దాకా లేచాయి. తొట్టి అడుగు పగిలింది. క్వయర్ మొత్తం తడిసి ముద్దయింది. ఎవరికీ గాయం కాలేదు.

బయట వ్యాన్‌లో ఇద్దర్నీ దామోదర్ మనుషులు పట్టుకున్నారు. గీతాంజలి షాపు మూసి పారిపోలేదు. చీరలు మడతపెట్టుకుంటూ ఉంది, బేడీలకి చేతులు తనే చాచిందట.

దైవాశీర్వాదం తడిబెంచీ మీద కూర్చుని రెండో చెవి రూతు వైపు తిప్పాడు.

"అది ఇచ్చిన పిల్లకి బాంబు సంగతి తెలుసా, అమ్మా?"

"మొదట తెలీదు అంకుల్. ఇవాళ తెలిసింది. తనే చెప్పింది."

"ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చునేది. మన మాట ఒక్కటీ అర్థంకాకపోయినా కూర్చునేది." రూతు ఆయన చెయ్యి పట్టుకుంది. నిజం చెబితే తేలికవుతుందనుకుంది. అవలేదు. ఈషాన్ తల్లికి ఇంకా ఫోన్ చేయాలి.

పాస్టర్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి పగిలిన తొట్టిలోకి తొంగిచూశారు.

"రేపు ముగ్గురికి బాప్తిస్మం ఇవ్వాలమ్మా. ఇన్సూరెన్స్ వాళ్లకి ఏమని రాయను?"

"జరిగింది జరిగినట్టే రాయండి పాస్టర్ గారూ," అంది రూతు చీర కొంగు పిండుకుంటూ. "ఎలాగూ నమ్మరు. మాకు అదే కావాలి."