మూడో దెబ్బ

"జారి పడ్డానని చెప్పాను కదా కరుణా... ఎన్నిసార్లు అడుగుతావు!"

జేవియర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కరుణాకుమారి జావ గిన్నెతో అలాగే నిలబడిపోయింది. ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్లలో పన్నెండేళ్లుగా ఎందరో హీరోయిన్లకు ఏడుపు అరువిచ్చిన గొంతు ఆమెది. ఇవాళ తన ఏడుపు మాత్రం ఆ గొంతు దాటి రావడం లేదు!

పది రోజుల కిందట సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్లే రోడ్డు కోసం కొండవాలు బస్తీలో గుడిసెలు కూల్చారు. జనం అడ్డుపడితే పోలీసులు కాల్పులు జరిపారు. దేవమ్మ అనే కూలిమనిషి అక్కడికక్కడే చనిపోయింది. మర్నాడు బస్తీ బస్తీ అంతా కదిలి పోలీస్ స్టేషన్ ముందు కూర్చుంది. టీవీ కెమెరామన్ జేవియర్ అక్కడికి వెళ్లాడు. పోలీసులు విలేకరులను కూడా వదల్లేదు. మెడలో కార్డులు తెంపేశారు, టేపులు లాక్కున్నారు, కెమెరాలు నేలకేసి కొట్టారు. జేవియర్ కుడిచేతి వేళ్లు ఇక కెమెరా పట్టలేవన్నాడు డాక్టరు.

విలేకరులే రాళ్లు రువ్వారని పోలీసులు కేసులు పెట్టారు, కాల్పుల మీద ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. తోటి విలేకరులంతా ఫిర్యాదు మీద సంతకాలు చేశారు. జేవియర్ ఒక్కడే చెయ్యలేదు! పగటిపూట కునుకు పడితే చాలు, "నేనురా... నేనేరా!" అంటూ ఉలిక్కిపడి లేస్తున్నాడు. ఎవరిని పిలుస్తున్నాడో చెప్పడు.

కరుణను మరో బాధ తొలుస్తోంది. తమ్ముడు థామస్ బావను చూడటానికి ఒక్కసారైనా రాలేదు! తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు. తనే పెంచింది. కానిస్టేబుల్ పరీక్షకు రోజూ వాడితో పాటు పరుగెత్తి, తర్ఫీదు ఇచ్చి, ఉద్యోగం వచ్చేలా చేసింది జేవియరే...

ఆ మధ్యాహ్నం బస్తీ నుంచి బాలమణి వచ్చింది. కరుణ ఇంట్లో పనిచేస్తుంది. గడప లోపలికి రాకుండానే కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కా, గీ ముచ్చట కడుపుల దాసుకోలేకున్న. ఆ దినం ఠాణా ముంగట నా కండ్లతోని చూసిన. అన్నను కొట్టింది నీ తమ్ముడే! 'నేనురా థామస్' అని అన్న మొత్తుకున్నడు. జరసేపు ఆగిండు... మల్ల కొట్టిండు!"

కరుణ మంచం దగ్గరకు పరుగెత్తింది.

"ఎందుకు దాచారండీ!"

జేవియర్ ఆమెవైపు తిరిగాడు. "పుట్టింటివాళ్లంటూ నీకు వాడొక్కడే కదా కరుణా... నా చెయ్యి ఎలాగూ పోయింది. వాణ్ణి కూడా ఎందుకు పోగొట్టడం..."

ఆ మాటకు ఆమె ఏడుపు కట్టలు తెంచుకుంది!

రహమత్ నగర్‌లో తమ్ముడి గది తలుపు తోసేసరికి, గడ్డం పెరిగిన థామస్ నేలమీద కూర్చుని ఉన్నాడు.

"గుర్తుపట్టలేదని చెప్పరా! దుమ్ములో కనబడలేదని చెప్పు... నమ్ముతాను!"

"గుర్తుపట్టానక్కా..." వాడు తలెత్తలేదు. "రెండు దెబ్బలు ఎవరో అనుకుని కొట్టాను. మూడోది బావనే కొట్టాను! వెనక సీఐ గారు చూస్తున్నారు... ఆగితే నా పని అయిపోతుందనుకున్నాను. కళ్లు మూసుకుంటే బావ గొంతే వినబడుతోంది!"

కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కరుణ వాడి ఎదురుగా కూలబడింది.

"మీ బావ నిన్ను కాపాడాలని చూస్తున్నారురా. నాకది వద్దు. జరిగింది విచారణలో చెప్పు. కాల్పుల రోజూ నువ్వు అక్కడే ఉన్నావు కదా, దేవమ్మను కాల్చమన్నదెవరో అదీ చెప్పు. ఆ తర్వాతే నా గుమ్మం తొక్కు!"

థామస్ చెప్పాడు. పేర్లతో సహా అన్నీ చెప్పాడు! వాణ్ణి ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. విలేకరులు రాళ్లు రువ్వారని పెట్టిన కేసులు వీగిపోయాయి. కాల్పుల విచారణ మాత్రం ఇంకా సాగుతూనే ఉంది...

ఆదివారం చర్చి అయ్యాక జేవియరే కబురు పంపాడు. థామస్ వచ్చి కాళ్ల మీద పడితే ఎడమచేత్తో లేపి, "అన్నం చల్లారిపోతుంది, కూర్చోరా" అన్నాడు. కరుణ కన్నీళ్లతోనే నవ్వింది.

బావకు కూర వెయ్యాలని థామస్ ఆత్రంగా గరిటె ఎత్తాడు. అంతే! జేవియర్ ఎడమచెయ్యి దానంతటదే లేచి తలకు అడ్డుగా నిలిచింది...

ముగ్గురూ చూశారు. జేవియర్ సిగ్గుపడుతూ చెయ్యి దించుకున్నాడు. థామస్ గరిటెను మెల్లగా గిన్నెలో పెట్టేశాడు.

"నువ్వు వడ్డించక్కా..."

కరుణ ఇద్దరికీ వడ్డించింది.