మురికిగాలి గది

చలికాలం పొద్దున్నే వంటింటి కిటికీ అద్దం మీంచి నీళ్ళు ధారకట్టాయి. కోడలు గుడ్డతో తుడిచి ఇటు తిరిగేలోపు మళ్ళీ మొదలు. గోడకి తగిలించిన తేమ మీటరు డెబ్బై ఎనిమిది చూపిస్తోంది. అరవై దాటనివ్వొద్దని, దాటితే పాప దగ్గుకి తన మందులు పనిచెయ్యవని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఏడేళ్ళ ఆ పిల్ల బడి సంచీ తగిలించుకునేలోపే పదిసార్లు దగ్గింది. దగ్గినప్పుడల్లా కోడలు అత్తగారి వీపు వైపు కొరకొరా చూసింది.

"గిన్నె మీద మూత పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి అత్తయ్యా? ఆ ఆవిరంతా ఇంట్లోనేగా తిరిగేది!"

"పెడితే పొంగుతుంది. పొంగితే అదీ నా నెత్తినే రుద్దుతావు," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండానే.

"పోనీ ఆ కిటికీ అయినా తియ్యచ్చుగా?"

"ఇల్లు చల్లబడిపోతోందని నిన్న ధబీమని మూసిన మహాతల్లి ఎవరో!"

కొడుకు బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత రద్దీ అయినా భయపడడు గానీ ఈ వంటింట్లో నిలబడమంటే మాత్రం చెమటలు పడతాయి. "డిపోకి టైమైంది" అని గొణుక్కుంటూ కూతురి చెయ్యి పట్టుకుని జారుకున్నాడు.

తొమ్మిదింటికి గాలి మిషను బిగించే మేస్త్రీ నిచ్చెనతో, గొట్టాలతో దిగాడు. పంటి డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేసే కోడలు దీని కోసమే సెలవు పెట్టింది.

"ఇది ఇంట్లో తడిగాలిని లాగి బయటికి తోస్తుందమ్మా. బయటి గాలిని లోపలికిస్తుంది. రెండూ కలవవు, పక్కపక్కనే పోతాయి. పోయేగాలి వేడి వచ్చేగాలికి అంటుకుంటుంది. కిటికీలు మూసుకున్నా గోడలకి బూజు రాదు," అని మేస్త్రీ ఉత్సాహంగా చెప్పాడు. "పడకగదుల్లో గాలి ఇచ్చే రంధ్రం పెడతాం. వంటిల్లు, స్నానాలగది మా లెక్కలో మురికిగాలి గదులు. వాటిలో లాగే రంధ్రం. ఇంకెక్కడైనా తడి ఎక్కువుందా?"

కోడలు క్షణం కూడా ఆలోచించలేదు. "మా అత్తయ్య గది. అక్కడ పెట్టి చూస్తే మీటరు ఎనభై ఆరు దాటింది."

"అది పడకగదే కదమ్మా?"

"పేరుకి. ఎప్పుడు చూసినా తడిబట్టలే. అక్కడ లాగేదే పెట్టండి."

మేస్త్రీ తల గోక్కున్నాడు. ఇంటివాళ్ళ ఇష్టం, తనకేం? నిచ్చెనెక్కి మంచానికి సరిగ్గా పైన ముదురు పెన్సిలుతో గుండ్రంగా గీసి, ప్రతి ఇంట్లో గుర్తుకోసం రాసుకునే మాటే పక్కన రాసుకున్నాడు. కిందికి దిగి తొలిచే మిషను తెచ్చుకోడానికి వ్యానులోకి వెళ్ళాడు.

అత్తగారు స్నానాలగదిలో బట్టలు పిండుకుని, బకెట్టు మోసుకుంటూ తన గదిలోకి వచ్చింది. తీగ మీది నిన్నటి బట్టల్ని పక్కకి జరపబోతూ తలెత్తింది. బకెట్టు దభాలున కిందపడింది.

"నా నెత్తి మీద 'మురికి' అని రాసింది ఎవరే?"

కోడలు పరుగెత్తుకొచ్చి పైకి చూసింది. ఆ మాట అక్కడ ఉండకూడదని తెలిసింది. కానీ పొద్దుటి కోపం ఇంకా నోట్లోనే ఉంది, అదే ముందు బయటికొచ్చింది.

"అది వాళ్ళ పని భాష. వంటింట్లోనూ రాశాడు, స్నానాలగదిలోనూ రాశాడు."

"ఆహా! వంటిల్లు, స్నానాలగది, అత్తగారు. ముగ్గురం ఒక వరసన్నమాట!"

"ఈ గదిలోంచే ఇంట్లోకి తేమ వస్తోంది అత్తయ్యా! ఇక్కడ లాగేది నేనే పెట్టమన్నాను. నా కూతురు ఊపిరాడక అల్లాడుతుంటే మీ పట్టుదలే మీది!"

"నీ కూతురు నాకేమీ కాదా?" అత్తగారి గొంతు గదంతా దద్దరిల్లింది. మంచం కింద నుంచి సంచీ లాగింది. "మా అక్క ఇంటికి పోతాను. ఇంట్లో మురికి పోయిందని హాయిగా ఊపిరి పీల్చుకోండి."

"వెళ్ళండి! బెదిరింపులకేం తక్కువలేదు!"

అనేసింది. అన్నాక నోరు మూసుకుంటే ఏం లాభం?

అత్తగారు తన బట్టలు తీసుకోడానికి తీగ దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్కటీ లాగి మంచం మీదికి విసరడం మొదలుపెట్టింది. "ఇది పాప బడి స్వెట్టరు. ఇది నీ మొగుడి డ్యూటీ చొక్కా. ఇది నీ తెల్లకోటు. ఇదీ నీదే. దుప్పట్లు మీవి. తువ్వాళ్ళు మీవి." చివరికి చేతిలో ఒక్క లంగా మిగిలింది. "ఇదిగో, ఇది నాది. ఈ ఒక్కదానికే వచ్చిందా నీ ఎనభై ఆరు?"

కోడలు ఆ కుప్పలోంచి తన తెల్లకోటు చేతిలోకి తీసుకుంది.

"హాల్లో ఆరేస్తే ఏమన్నావు? గుర్తులేదా? నీతో పనిచేసే ఆవిడ వచ్చిన రోజున? 'చాకిరేవులా ఉంది, ఎవరైనా వస్తే నా పరువేం కావాలి' అన్నావు. ఆ సాయంత్రమే తీగ విప్పి ఇక్కడ కట్టుకున్నాను. ఏడాదైంది."

కోడలు అన్నది నిజమే. అని మర్చిపోయింది. పొద్దున్నే లేచేసరికి తెల్లకోటు ఆరి, మడతపెట్టి కుర్చీ మీద ఉండేది. అదెక్కడ ఆరిందని ఒక్కనాడూ అడగలేదు. బట్టలు ఈ గదిలో ఉంటాయని తెలుసు. ఎవరివో చూడలేదు.

మంచం మీద కూలబడింది. చెయ్యి తలగడ మీద పడింది. చల్లగా ఉంది. ఇంకాస్త నొక్కింది. తడి. దుప్పటి తడిమింది. అదీ తడే. గోడవైపు మంచం పట్టె పొడుగునా నల్లటి బూజు.

"అత్తయ్యా... దీని మీదేనా పడుకుంటున్నారు?"

"మరెక్కడ పడుకోమన్నావు?"

ఆ మాటలో కోపం లేదు. అదే కోడలి ప్రాణం తీసింది. ఇన్నాళ్ళూ ఈ తలుపు వెనక వినిపించే దగ్గు వయసు మీదపడ్డాక వచ్చేదేననుకుంది. పాప దగ్గు లెక్కపెట్టింది గానీ ఈ దగ్గు లెక్కపెట్టలేదు. తలగడని ఒళ్ళోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడవకు. అది ఇంకా తడుస్తుంది," అంది అత్తగారు కటువుగా. కానీ సంచీని కాలితో మళ్ళీ మంచం కిందికి తోసింది.

మేస్త్రీ తొలిచే మిషను భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు. "మొదలుపెట్టనా అమ్మా? ఒక్కసారి తొలిచానంటే ఇక మార్చలేను."

కోడలు లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, నిచ్చెనెక్కింది. పైకప్పు మీది ఆ మాటని అరచేత్తో గట్టిగా రుద్దింది. పూర్తిగా పోలేదు, నల్లగా అలుక్కుంది.

"ఇక్కడ గాలి ఇచ్చేది పెట్టండి. అందరి గదుల్లో కంటే ఎక్కువ గాలి రావాలి. లాగేది హాల్లో పెట్టండి."

"హాల్లోనా? అక్కడ తడి ఏముందమ్మా?"

"ఇవాళ్టినుంచి ఉంటుంది. బట్టలు అక్కడే ఆరేస్తాం."

అత్తగారు ఇంకా మూతి ముడుచుకునే ఉంది. "వీధి తలుపు తియ్యగానే ఎదురుగా నీ లంగాలు కనిపిస్తాయి. ఎవరైనా వస్తే?"

కోడలు కిందపడ్డ బకెట్టులోంచి అత్తగారి దుప్పటి తీసి భుజాన వేసుకుంది.

"వస్తే తల వంచుకుని లోపలికొస్తారు అత్తయ్యా. ముందు ఆ తీగ కొస పట్టుకోండి."