రెండు బొమ్మల నాణెం

విశాఖపట్నంలో ఇప్పుడు ఎవరి జేబులోనూ చిల్లర గలగలమనదు. 2098లో డబ్బంటే కంటికి కనిపించని లెక్క. నాణేలు చెలామణీలోంచి పోయి ముప్పై ఏళ్ళయింది. పోయాకే వాటికి గిరాకీ వచ్చింది. మనుషుల సంగతీ అంతేగా, పోయాకే మెచ్చుకుంటాం. అందులోనూ టంకశాల పొరపాట్లంటే జనం పడి చస్తారు. అచ్చు పక్కకు జరిగిన నాణెం, అంచు తెగిన బిళ్ళ, రెండుసార్లు ముద్ర పడినది, ఏదైనా సరే. మరి పొరపాటుకే ఇంత విలువుంటే దాన్ని తయారుచేసేవాళ్ళు ఊరుకుంటారా? ఆకురాయితో అరగదీసి, సుత్తితో మోది, యాసిడ్‌లో ముంచి, ఇదిగో టంకశాల పొరపాటు అని నమ్మబలికేవాళ్ళు వీధికొకరు తయారయ్యారు.

వాళ్ళ ఆట కట్టించడానికి పుట్టిందే లోహస్మృతి దర్శిని. అది కాగితాల మీద పేరు. జనం మాత్రం గీటురాయి అంటారు. దాన్ని కనిపెట్టిన డాక్టర్ మనస్విని చంద్రుడి మీద లోహ ప్రయోగశాలలో ఏడేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. యంత్రం సూత్రం తేలికే. దెబ్బ తగిలినా, కోత పడినా లోహం లోపలి రేణువులు చెదిరిపోతాయి. తర్వాత ఏళ్ళ తరబడి మెల్లగా సర్దుకుంటాయి. ఎంతవరకు సర్దుకున్నాయో క్వాంటం స్కానర్‌తో కొలిస్తే ఆ దెబ్బ ఏ ఏడాది తగిలిందో తెలుస్తుంది. ముద్రతోపాటే వచ్చిన లోపమైతే టంకశాల పొరపాటు. ముద్ర తర్వాత వచ్చిందయితే మనిషి చేసిన పని.

ఆ ఉదయం పరీక్షకు వచ్చిన నాణెం ఆవిడకు కొత్తది కాదు. తెచ్చినవాడూ కొత్తవాడు కాదు. సొంత అన్న తన్మయ్, ఎనభై ఒక్కేళ్ళవాడు.

"ఎల్లుండే కదే నా సహస్ర చంద్ర దర్శనం," అన్నాడాయన కుర్చీలో కూలబడుతూ. "వెయ్యి పున్నములు చూసిన ముసలాణ్ణని అందరూ అక్షింతలు వేస్తారు. ఆ పీటల మీద దీన్ని చూపిద్దామంటే, మా బావమరిది ఇది గారడీవాళ్ళ బిళ్ళ అంటాడేంటే! నీ గీటురాయి చేత ఓ పత్రం ఇప్పించు, నోరు మూస్తాడు."

రెండు రూపాయల నాణెం. అటూ సింహాల బొమ్మే, ఇటూ సింహాల బొమ్మే. బొరుసు లేనే లేదు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, తన్మయ్ దీన్ని తీసుకెళ్ళని శుభకార్యం లేదు.

దాని కథ చుట్టాలందరికీ నోటికి వచ్చు. 2051లో అన్నాచెల్లెళ్ళిద్దరూ చంద్ర ప్రయోగశాలకు అర్హులుగా తేలారు. ఉన్నది ఒక్కటే సీటు. డాబా మీద తన్మయ్ టాస్ వేశాడు. బొమ్మ పడితే చెల్లెలు, బొరుసు పడితే తను. బొమ్మ పడింది. మరి అది బొరుసే లేని నాణెమాయె! ఆ సంగతి తెలిసే వేశాడు మహానుభావుడు. మనస్విని నాణేన్ని తిప్పి చూసి, రెండో బొమ్మ కూడా కనిపించేసరికి అన్నను పట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపు ఆవిడకు ఇప్పటికీ గుర్తే.

ఏడేళ్ళ తర్వాత అమ్మకు జబ్బు చేసింది. పరిశోధన సగంలో ఉంది. తన్మయ్ భూమ్మీద నుంచి తెర మీదకు వచ్చి ఈ నాణెం చూపించి, "సీటు నేనిచ్చాను. నేను పిలిస్తే రావా?" అన్నాడు. ఇంకేం మాట్లాడుతుంది? వచ్చేసింది. మళ్ళీ వెళ్ళనివ్వలేదు ఇంట్లోవాళ్ళు. ఇచ్చినవాడి మాట కాదనకూడదని ఆ తర్వాత కూడా ప్రతిదానికీ తలూపుతూనే వచ్చింది.

నాణెం యంత్రంలోకి వెళ్ళింది. కాసేపటికి గీటురాయి మెత్తటి గొంతుతో చెప్పింది.

"ముద్ర తర్వాత చేసినది, డాక్టరుగారూ. ఒక నాణేన్ని లోపల తొలిచారు. ఇంకో నాణెం బొమ్మ వైపు పలచగా కోసి, కుంకుమ భరిణెకు మూత పెట్టినట్టు అందులో కూర్చారు. అతుకు అంచు లోపల దాగి ఉంది."

"చూశావుటే! అమ్మినవాడు నన్ను మోసం చేశాడు," అన్నాడు తన్మయ్. "పోనీలే, నాణెం దొంగదైనా నా త్యాగం దొంగది కాదుగా."

మనస్విని యంత్రం దగ్గరికి వంగింది. తెర మీద ఇంకో వరుస వెలిగింది.

"అతుకు పెట్టిన ఏడాది?" అని అడిగింది యంత్రాన్ని.

"2058. మహా అయితే నాలుగు నెలలు అటూ ఇటూ."

"తప్పు!" అన్నాడు తన్మయ్. "టాస్ వేసింది యాభై ఒకటిలో. నువ్వు తిప్పి చూసి ఏడవలేదూ?"

"చూశాను," అంది మనస్విని వెంటనే. అని ఆగిపోయింది.

"అప్పటికి రెండో బొమ్మ లేదు, డాక్టరుగారూ," అంది గీటురాయి.

మనస్విని పాత రోజులను తిరగేసుకుంది. చంద్రుడి మీద ఉన్న ఏడేళ్ళలో ఆ రెండో బొమ్మను ఒక్కసారైనా తలుచుకుందా? ఎంత వెతుక్కున్నా దొరకలేదు. మరి ఆ డాబా, లేని బొమ్మను చూసి ఏడ్చిన ఆ ఏడుపు కళ్ళకు కట్టినట్టు ఎలా ఉన్నాయి?

తన్మయ్ అరచేతుల్లోకి చూసుకున్నాడు. మొహం మెల్లగా మారింది.

"మేజిక్ సామాన్లు అమ్మే ముసలాయన ఉండేవాడు," అన్నాడు చివరికి. "ఆయన చేత చేయించాను. అమ్మ నీ పేరే కలవరిస్తోందే. నువ్వు రానంటావేమోనని భయమేసింది. ఆ తర్వాత... ఈ టాస్ కథ ఎన్నిసార్లు చెప్పానో! అసలు చేయించానన్న సంగతే మరిచిపోయాను. ఒట్టు."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆవిడకు తెలుస్తూనే ఉంది. అయినా కోపం ముంచుకొచ్చింది. ఆగిపోయిన పరిశోధన, ఆడించినట్టల్లా ఊపిన తల, అన్నీ గుర్తొచ్చాయి. వాటి వెనకాలే ఇంకో మాట తట్టి కళ్ళు చెమర్చాయి.

"అంటే నువ్వు ఇవ్వలేదు అన్నయ్యా. ఆ రోజు నేను గెలిచాను."

"గెలిచావే," అన్నాడు తన్మయ్ తల వంచుకుని.

ఆవిడ నాణేన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఎల్లుండి పీటల మీద ఆ మాటే చెప్పు."

"చెబుతాను." లేచి గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. "అయినా మనూ, ఆ రోజు నువ్వు ఏడవడం మాత్రం నాకు బాగా గుర్తే."

"నాకూ గుర్తే," అంది మనస్విని.