రెండుసార్లు తిన్న పైలు

జెట్టీకి కాలుగా సముద్రంలో దించే ఉక్కు గొట్టాన్ని, అంటే పైలును, నమ్మే ముందు నేను చూసేవి పెద్ద వింత విషయాలేం కావు. గొట్టం గోడ మందం అంతటా ఒకేలా ఉందా, అతుకు ఎక్కడైనా నోరు తెరిచిందా, మిల్లులో గుద్దిన నంబరు ఎవరైనా అరగదీశారా, నీళ్ళూ గాలీ కలిసేచోట నిలబడే భాగానికి రంగు దట్టంగా పట్టిందా. అంతే. సముద్రంలో దిగాక దాని ముఖం మళ్ళీ ఎవరూ చూడరు. చూడాల్సింది ఒడ్డు మీద ఉన్నప్పుడే.

ఈ మాట నేను అందరికీ చెబుతాను. నా పిల్లలకు కూడా చెప్పాను. వాళ్ళు ఇంకో దీవిలో, ఆంతికేలో, మా అమ్మ దగ్గర పెరుగుతున్నారు; అమ్మమ్మని లోలా అంటారు. నేనిక్కడ, సమార్ దీవి తూర్పు తీరంలో, జెట్టీ పనిలో ఉన్నాను. పొద్దున ఫోను చేసి గ్యాస్ కట్టేశారా అని అడుగుతాను. మధ్యాహ్నం మళ్ళీ చేసి, పొద్దున నిజంగానే కట్టేశారా అని అడుగుతాను. పెద్దది లియోనీకి విసుగు. "నాయ్, మేమేమన్నా పైళ్ళమా?" అంటుంది. నాయ్ అంటే మా వైపు అమ్మ. అననీ.

మా జెట్టీ చిన్నదే. తుఫాను తర్వాత ఈ ఊరికి బియ్యమూ మందులూ తెచ్చే పడవ దీని పక్కనే ఆగాలి. పాత కర్ర జెట్టీ కిందటి తుఫానులో పడవ కోసం నిలబడ్డ జనంతో సహా పోయింది. అందుకే నేను చూడకుండా ఒక్క పైలు కూడా దిగదని వచ్చినరోజే చెప్పాను. ఇన్‌స్పెక్టర్‌గా నన్ను పెట్టుకున్నది అందుకే.

ఆ రోజు నేను సైటుకి వచ్చేసరికి మొదటి పైలు మీద అప్పటికే నెత్తురు ఉంది.

ఇక్కడ ఏ పునాదికైనా మొదటి పైలు దించేముందు కోడిని కోసి దాని మీద నెత్తురు పోస్తారు. నేను కాదనను. కానీ దానికో వరస ఉంది. ముందు నా తనిఖీ, తర్వాత కోడి. ఎందుకంటే ఒకసారి నెత్తురు తిన్న పైలును వద్దని పక్కన పెట్టకూడదు. పెడితే అది ఊరుకోదంటారు.

"ఎవరు కోయమన్నారు, మానోంగ్?" అని తెయోపిస్తోను అడిగాను. ఆయన మా ఫోర్‌మన్, నాకంటే బాగా పెద్దవాడు. నేను ఆయన్ని మానోంగ్, అంటే అన్నా అంటాను; ఆయన నన్ను ఇందాయ్, అంటే అమ్మాయీ అంటాడు.

"ఇంజినీర్ వాల్మోరెస్ తెల్లారకముందే కోడిని తెచ్చాడు, ఇందాయ్. నువ్వు చూసేశావనుకున్నాం."

"ఎప్పుడు చూశానట? నిద్రలోనా?"

"నువ్వు నిద్రలో కూడా చూస్తావని మావాళ్ళంటారు." నవ్వబోయి నా ముఖం చూసి మానేశాడు.

వాల్మోరెస్ కాంట్రాక్టరు తరఫు మనిషి, మనీలా నుంచి వచ్చాడు. కోడినీ నెత్తురునీ నమ్మే రకం కాదు. గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, సముద్రంలో నిలబడ్డ బల్లపరుపు పడవని, బార్జిని, చూపించాడు.

"పైలు దిగ్గొట్టే సుత్తి సిద్ధంగా ఉంది మేడమ్. మీరు కాదన్నా ఇప్పుడు కూలీలు ఒప్పుకోరు. తిన్న పైలును వదలరు వాళ్ళు. నేనేం చేయను?"

అప్పుడర్థమైంది నాకు. తను నమ్మని నమ్మకంతో నా చేతులు కట్టేద్దామనుకున్నాడు.

"మీరేం చేయకండి. అలాగే కూర్చోండి," అన్నాను.

పైలు ఇసుక మీద దుంగల పైన పడుకుని ఉంది. బూడిద రంగు కొత్తగా మెరుస్తోంది. ఎండిన నెత్తురుకి కోడి ఈకలు రెండు మూడు అంటుకున్నాయి. ఒక కొస నుంచి సుత్తితో కొట్టుకుంటూ వెళ్ళాను. మంచి ఉక్కు గంటలా మోగుతుంది. మోగింది. మోగింది. ఒకచోట మాత్రం పిడికిలితో తలుపు కొట్టినట్టు పొడిగా పలికింది. అక్కడ అయస్కాంతం పెట్టాను. పట్టుకోకుండా జారి ఇసుకలో పడింది.

గోటితో గీకితే రంగు కింద నుంచి లప్పం వచ్చింది. పైలు చుట్టూ ఒక నడికట్టులాగా ఉంది ఆ లప్పం. అలలు కొట్టేచోట ఉప్పు తినేసిన గుంటలన్నీ లప్పంతో నింపారు. అంటే ఇది కొత్తది కాదు. ఎక్కడో ఏదో జెట్టీకి కాలుగా నిలబడి, పీకించుకుని, రంగు పూయించుకుని వచ్చింది.

"లారీలో గీతలు పడితే కాస్త పూసి ఉంటారు," అన్నాడు వాల్మోరెస్.

"అయితే లోపల పూసి ఉండరు. చూసొస్తా."

పైలు లోపల మనిషి పాకేంత చోటుంది. లోపల ఊపిరాడే గాలి ఉందో లేదో చెప్పే మీటరును ముందుగా పంపి చూశాను. నడుముకి తాడు కట్టుకుని, ఇంకో కొస తెయోపిస్తో చేతికిచ్చాను. నేను సుత్తితో గోడ మీద రెండుసార్లు కొడితే బాగున్నానని అర్థం. ఆయన తిరిగి రెండుసార్లు కొట్టాలి. నేను ఇలాంటివి వదలను. వదిలితే నా పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతారు?

బయట నడినెత్తిన ఎండ. కొంచెం పాకేసరికి అది ఎవరిదో ఎండ అయిపోయింది. వెనక వెలుతురు పళ్ళెమంత, ముందు వెలుతురు పెసో బిళ్ళంత. మధ్యలో పట్టపగలే రాత్రి. ఎండలో పడున్న ఇనప గొట్టం లోపల పెనంలా కాలాలి. కాలడం లేదు. నా అరచేతుల కింద ఇనుము చల్లగా చెమర్చి ఉంది. పోటు తీశాక బయటపడే బురద వాసన వేస్తోంది. ఈ పైలు మా ఒడ్డుకొచ్చి ఎండకాలం సగం గడిచింది. ఆ వాసనకి ఇక్కడ పనేమిటి?

సుత్తితో రెండుసార్లు కొట్టాను. వెనక నుంచి రెండు. సరే.

ఇంకాస్త పాకి మళ్ళీ కొట్టాను. రెండు జవాబులు వచ్చాయి... ముందు నుంచి.

గొట్టంలో శబ్దం తిరుగుతుంది. అంతే అనుకున్నాను. మూడోసారి కొట్టాను. ఈసారి జవాబు నా మోకాలి కింద నుంచి వచ్చింది. బయటి వైపు నుంచి. మోకాలి కింద గొట్టం, గొట్టం కింద ఇసుక. అక్కడ ఎవరు పడుకుని కొడతారు...

టార్చి వేశాను.

పడవల అడుగున పట్టే తెల్ల గుల్లలు, గోడంతా. చచ్చిన గుల్లలైతే నాకు కావలసిన సాక్ష్యం అదే. ఉలి తీసి ఒకదాని కింద పెట్టాను. అది మూతి తెరిచింది. దాని పక్కది తెరిచింది. నా టార్చి వెలుగు పడ్డంత మేరా అన్నీ మెల్లగా తెరుచుకున్నాయి. సన్నటి వేళ్ళలాంటివి బయటికి చాచి, గుప్పిట మూసినట్టు లోపలికి లాక్కున్నాయి. మళ్ళీ చాచాయి. తిండి కోసం అవి అలాగే చేస్తాయి. నీళ్ళలో ఉన్నప్పుడు.

నా మోచేతులు తడిశాయి.

పైలులోకి పోటు వస్తోంది. రెండు కొసలూ తెరిచి, ఒడ్డు మీద పడుకుని ఉన్న గొట్టంలోకి... నీళ్ళు. మణికట్టు దాకా. మోచేతి దాకా. ముందున్న పెసో బిళ్ళ ఆరిపోయింది. తల తిప్పి చూశాను. వెనక పళ్ళెం కూడా లేదు.

"నాయ్..."

నా చెవి పక్కనే. చిన్నపిల్లల గుసగుస.

"నాయ్... ఆకలి."

వంతెన కట్టేవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోయి పునాదిలో వేస్తారని మా చిన్నప్పుడు అమ్మలు బెదిరించేవాళ్ళు. సాయంత్రం తొందరగా ఇంటికి రావడానికి చెప్పే మాట అది. ఇన్నేళ్ళు పునాదుల దగ్గరే పనిచేసినా దాన్ని ఎప్పుడూ తలుచుకోలేదు. అప్పుడు తలుచుకున్నాను. ఆ మొదటి జెట్టీ దగ్గర దీనికి ఏం పోశారో... కోడేనా...

భయం వేసింది. వేయలేదని ఎందుకు చెప్పాలి? కానీ భయం కంటే ముందు కోపం వచ్చింది. నన్ను నాయ్ అని పిలవాల్సిన వాళ్ళు ఇద్దరే ఉన్నారు. వాళ్ళ దగ్గర లేనన్న బాధ నాది నేను పడతాను. దాన్ని పట్టుకుని గోడలు నన్ను పిలవక్కర్లేదు.

"నా పిల్లలకి ఆకలేస్తే మా అమ్మ పెడుతుంది," అని గొంతు తగ్గించి చెప్పాను. "నీకు పెట్టాల్సింది నేను కాదు."

నీళ్ళు ఆగాయి.

"ఎక్కడ పెడుతుంది..."

నేను చోటు చెప్పలేదు. ఉలి మీద సుత్తి వేసి గుల్లల గుత్తి ఒకటి పెకలించాను. మందం కొలిచే మీటరు గోడకి ఆనించాను. ఒకచోట ఉండాల్సినదానిలో సగం. ఇంకోచోట సగం కూడా లేదు. రెండోసారి కూడా కొలిచాను. తడి గోడ మీద కొలత తప్పు రావచ్చు కదా. తప్పు రాలేదు. అప్పుడు వెనక్కి పాకడం మొదలుపెట్టాను.

తెయోపిస్తో నా చంకల కింద చేతులేసి బయటికి లాగాడు.

"ఇందాయ్, మొదటి రెండు దెబ్బలు కొట్టి ఊరుకున్నావేంటి? తాడు లాగుతున్నా పలకవు..." అని, కిందికి చూసి ఆగిపోయాడు. నా ప్యాంటు తొడల దాకా తడిసి నీళ్ళోడుతోంది. ఆయన వేలు తడిపి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

గుల్లల గుత్తి తీసుకెళ్ళి వాల్మోరెస్ ఒళ్ళో పెట్టాను. అది ఇంకా మూతి తెరిచి మూస్తూనే ఉంది. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. అయినా పట్టు వదల్లేదు.

"ఇది దిగాల్సిందే మేడమ్. మీరు కాకపోతే ఇంకో ఇన్‌స్పెక్టర్ వస్తాడు."

"రానీండి. వచ్చేదాకా ఇక్కడ నేనే." పైలు మీద ఈ కొస నుంచి ఆ కొసకి ఎర్ర రంగుతో కొట్టివేత గీశాను. "కాదు, దించే తీరతానంటారా, దించండి. తుఫాను వచ్చిన రోజు మీ పిల్లల్ని తెచ్చి ఈ జెట్టీ మీద నిలబెట్టండి. వాళ్ళ పక్కన నేనూ నిలబడతా."

అప్పుడు తెయోపిస్తో చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఇంజినీర్. ఇది పాతదా?"

వాల్మోరెస్ ఒళ్ళోని గుల్లల్ని ఇసుకలోకి తోసేశాడు; పాతదేనని అందరికీ అర్థమైంది. కూలీలందరూ ఒక్కసారే పైలుకి దూరం జరిగారు. ముందున్న జెట్టీ దగ్గర ఒకసారి తిన్నది. ఇక్కడ మళ్ళీ తిన్నది. రెండుసార్లు తిన్నది మూడోసారి కోడితో సరిపెట్టుకోదని వాళ్ళలో వాళ్ళు గొణుక్కుంటున్నారు. దించమంటే దించరు. ముట్టుకోమన్నా ముట్టుకోరు.

"ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పంపేద్దాం," అన్నాడు వాల్మోరెస్. ముఖం పాలిపోయింది.

"పంపితే రంగు మార్చుకుని ఇంకో జెట్టీకి పోతుంది. అక్కడ చూసేవాళ్ళు ఉంటారో లేదో. కోసేయాలి, ముక్కలుగా."

"వద్దు ఇందాయ్," అన్నాడు తెయోపిస్తో. "గొట్టం గొట్టంగా ఉన్నంతసేపే అది లోపల ఉంటుంది. కోస్తే ఎక్కడికి పోతుందో నీకు తెలుసా?"

"నాకు తెలీదు. జెట్టీ కిందకి మాత్రం పోదు."

నేను ఇన్‌స్పెక్టర్‌ని కాకముందు వెల్డర్‌ని. గ్యాస్ టార్చి వెలిగించి, అద్దాలు పెట్టుకుని నేనే మొదలుపెట్టాను. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎవరూ వెళ్ళిపోనూ లేదు. మంట తాకినచోటల్లా లోపల నుంచి సుత్తి దెబ్బల్లాంటివి వినిపించాయి. రెండు... రెండు... బాగున్నాను, బాగున్నాను అని చెబుతున్నట్టు. నేను మంట తగ్గించలేదు. పిలిచింది. పలకలేదు. ఏడ్చింది. ఏడుపు విని చెయ్యి ఆగబోయింది... ఆగనివ్వలేదు. కావాలంటే నన్ను రాతిగుండె అనుకోండి. ఈ ఊరి పిల్లలు రేపు ఈ జెట్టీ మీద నిలబడాలి.

ఎండ వాలేసరికి పైలు చక్రాల్లా విడిపోయింది. చివరి ముక్క విడిపోతూ కాసిని నీళ్ళు కక్కింది. మా ఒడ్డు సముద్రం వైపుకి వాలు. ఆ నీళ్ళు మాత్రం ఎత్తుకి, రోడ్డు వైపుకి పారాయి. ఇసుకలో ఇంకిపోకుండా, తొందర పని ఉన్నట్టు. తెయోపిస్తో గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. నేను టార్చి ఆర్పాను.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు గర్వంగా అనిపించింది. సైటు పక్కన నేనుండే గుడిసెకి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే ఇంటికి ఫోను చేశాను. లియోనీ ఎత్తింది.

"గ్యాస్ కట్టేశాం నాయ్," అంది ముందే. "లోలా ఇంకో కుండ అన్నం వండుతోంది."

"ఇంకో కుండ ఎందుకు?"

"ఎవరో చిన్నపిల్లాడు వచ్చాడు, ఇందాక. చాలా ఆకలిగా ఉన్నాడు. లోలా అడిగితే పేరు చెప్పడు. వండిందంతా తినేశాడు, ఇంకా పెట్టమంటున్నాడు. పాపం, నడుము దాకా తడిసిపోయి ఉన్నాడు."

మా ఊళ్ళో అప్పటికి వానలు లేవు. మా ఇల్లు కొండ మీద. సముద్రం అక్కణ్ణించి కనబడను కూడా కనబడదు.

ఆకలేస్తే మా అమ్మ పెడుతుందని దానికి చెప్పింది నేనే. చేతికందిన సంచిలో ఉలి, సుత్తి, గ్యాస్ టార్చి వేసుకున్నాను. మొదటి పడవ ఎప్పుడో కనుక్కోమని, నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ తెయోపిస్తోకి సైగ చేశాను.

"తమ్ముణ్ణి తీసుకుని, లోలాని తీసుకుని పక్కింటికి వెళ్ళు," అన్నాను. "వెళ్ళేముందు ఫోను ఆ వచ్చిన పిల్లాడికివ్వు."

"ఎందుకు నాయ్?"

"ఇవ్వు."

ఫోను చేతులు మారింది. ఊపిరి వినిపించలేదు. తర్వాత అదే గుసగుస, కానీ ఇప్పుడు కడుపు నిండిన పిల్లవాడి గొంతులాగా మెత్తగా ఉంది.

"నాయ్... ఇక్కడికి నీళ్ళు ఎప్పుడొస్తాయి?"

"రావు," అన్నాను. "నేనొస్తున్నా."

వాడు నవ్వాడో, నిట్టూర్చాడో. ఫోను ఇంకా వాడి చేతిలోనే ఉంది. వెనక ఎక్కడో గదిలో, ఇంకా ఇల్లు వదలని నా కొడుకు నిద్రమత్తులో అడుగుతున్నాడు.

"లోలా... నేలంతా ఎందుకిలా చల్లగా, తడిగా ఉంది?"